పొయ్యి వెలగని ఇంటికి ఫలహారం

అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ల చుట్టుపక్కల ఏ తెలుగు ఇంట్లో చావు జరిగినా ముందు ఫ్యూనరల్ హోమ్‌కి ఫోన్ వెళ్ళేది, తర్వాత పంతులుగారికి, ఆ తర్వాత గిరిజక్కకి. ఆ మూడో ఫోన్ చేసినవాళ్ళు రమ్మని కూడా అనేవాళ్ళు కాదు. విషయం చెప్పి ఊరుకునేవాళ్ళు. ఆమె "సరేనమ్మా" అని ఫోన్ పెట్టేసి శనగలు నానబోసేది.

ఆమెను కారులో తీసుకెళ్ళేదాన్ని నేనే. నా పేరు సుధ. 2001లో మా ఆయన ఉద్యోగం కోసం వచ్చి ఆమె పక్క బ్లాకులో దిగాం. గిరిజక్క అప్పటికే పాతకాపు. ఎనభైల్లోనే వచ్చింది, కూతురు హంసిక ఇక్కడే పుట్టింది. భర్త రామమోహన్ గారు ఇంట్లో ఉన్నారో లేరో తెలియనంత నెమ్మది మనిషి. ఊళ్ళో దారుల్లో గిరిజక్క బాగానే నడిపేది గానీ హైవే ఎక్కమంటే భయపడేది. నాకేమో స్టీరింగ్ పట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది. అలా కుదిరింది మా జోడీ.

ఆమె ఒక పెద్ద కంపెనీ ఆఫీసు క్యాంటీన్‌లో సలాడ్ కౌంటర్ చూసేది. "అమెరికా వెళ్ళి ఆకులు తరుగుతోందట" అని బంధువులు నవ్వుకునేవారట. నేనూ తక్కువ తినలేదు. "మేత వేసే ఉద్యోగమా అక్కా నీది?" అని ఏడిపించేదాన్ని. ఆమెకు కోపం రాదు. ఒకరోజు ఇంటికి పిలిచి ఒక గిన్నె చేతిలో పెట్టి "తిని మాట్లాడు" అంది. తిన్నాక మళ్ళీ గిన్నె చాపాను.

చిలగడదుంప, బీట్‌రూట్, కాలీఫ్లవర్ ముక్కల్ని అంచులు నల్లబడేదాకా ఓవెన్‌లో కాల్చేది. ట్రేలో ముక్కకీ ముక్కకీ ఎడం ఉండాలి, ఒకదాని మీద ఒకటి పడితే కాలవు, ఉడుకుతాయి అనేది. ఉడికించిన కాబూలీ శనగల్ని గుడ్డ మీద ఆరబోసి, కొన్ని మెత్తగానే ఉంచి, కొన్నిటిని కరకరలాడేదాకా కాల్చేది. నిమ్మరసం వేడి మీదే పిండాలి, అప్పుడే గింజ లోపలికంటా పీల్చుకుంటుందట. కేల్ అనే మందపాటి ఆకుకూరని ఉప్పేసి చేత్తో పిసికి, మెత్తబడ్డాక చివర్న కలిపేది. ఆపైన మిరియాలు, వేయించిన జీలకర్ర పొడి, కాస్త ఆలివ్ నూనె. తింటే అన్నం తిన్నంత నిండుగా ఉండేది, పొట్ట బరువు మాత్రం ఉండేది కాదు.

ఇది చావు ఇంటికి ఎలా చేరిందో చెప్పాలి. 2003లో హర్షవర్ధన్ అనే కుర్రాడి ఇంటికి తల్లీతండ్రీ చూసిపోదామని వచ్చారు. తండ్రి గుండెపోటుతో పోయారు. మన దగ్గరైతే పొద్దున పోయిన మనిషికి సాయంత్రానికల్లా అన్నీ జరిగిపోతాయి. శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, ఎవరూ అన్నం ముట్టరు. పూట గడిస్తే తీరిపోయే నియమం. ఇక్కడ మనిషి ఫ్యూనరల్ హోమ్‌లో ఉంటాడు, వాళ్ళిచ్చిన రోజు దాకా దహనం ఆగాలి. హర్ష తండ్రి పోయింది మంగళవారం, వాళ్ళిచ్చింది శుక్రవారం. ఇంటికి పెద్దగా వచ్చి కూర్చున్న భీమశంకరం గారు నియమం నియమమే అన్నారు. ఆయన మాత్రం పూటపూటకీ తన ఇంటికెళ్ళి తినొస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది గానీ, చావు ఇంట్లో నోరు పారేసుకోకూడదు కదా అని ఊరుకున్నాను.

హర్ష తల్లికి షుగర్. మర్నాడు మధ్యాహ్నం కళ్ళు తిరిగి సోఫాలోనే ఒరిగిపోయింది. ఎవరో జ్యూస్ ఇస్తే తోసేసింది. "ఆయన్ని అక్కడ పెట్టుకుని నాకెట్లా దిగుతుంది" అని ఒకటే ఏడుపు. అప్పుడు వచ్చింది గిరిజక్క, చేతిలో అల్యూమినియం ట్రేతో.

"ఏమిటమ్మా అది? భోజనమా?" అన్నారు భీమశంకరం గారు.

"కాదు బాబాయిగారూ. ఫలహారం."

ఆయన వంగి చూశారు. అన్నం లేదు. ఉల్లిపాయ లేదు. చావు ఇంటికి పనికిరాని పోపు లేదు. పెట్టడానికి వంక దొరకలేదు. ఏకాదశికి ఉప్మా లాగించి ఫలహారమని చెప్పుకునే మనిషి ఆ మాటని ఎట్లా కాదంటాడు? "ఫలహారమైతే సరే" అన్నారు. హర్ష తల్లి చెంచాతో తింది. ఏడుస్తూనే గిన్నెడూ తింది. ఆ ఒక్క మాటకి గిరిజక్క కాళ్ళకి దండం పెట్టాలనిపించింది నాకు.

అప్పట్నించి అదే పద్ధతి. చావు ఇంట్లో ఆమె ఓదార్చేది కాదు. ఎట్లా జరిగిందని అడిగేది కాదు. ట్రే వంటింట్లో పెట్టి, పక్కన గిన్నెలూ చెంచాలూ పెట్టి, సింక్‌లో గ్లాసులుంటే కడిగి వచ్చేసేది. కూర్చోబెట్టి విస్తరి వేస్తే తినలేని మనిషి కూడా, ఎవరూ చూడనప్పుడు నిలబడి నాలుగు చెంచాలు తింటుందని ఆమె నమ్మకం. చల్లగా ఉన్నా బాగుండే తిండి కాబట్టి వేళ చూడక్కర్లేదు.

మాస్టర్స్ చదువుతున్న సాయి తేజ అనే పిల్లాడి సంగతి నేను మరిచిపోలేను. వరంగల్‌లో తల్లి పోయింది. వెళ్తే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ అవుతుందో లేదోనని భయపడి ఆగిపోయాడు. ల్యాప్‌టాప్‌లో అక్కడి ముంగిలి కనిపిస్తోంది, చాప మీద తల్లి. గిరిజక్క గిన్నె అందిస్తే అడిగాడు, "ఆంటీ, నేను తినొచ్చా? అక్కడ ఇంకా కాలేదు." ఆమె అదే జవాబు చెప్పింది, "ఫలహారం నాయనా, తినొచ్చు."

మనవాళ్ళకి మంచి చేసినవాళ్ళని ఊరికే వదలడం చేతకాదు. ఎవరో కుర్రాళ్ళు సరదాకి ఆ ఫలహారానికి 'చావు సలాడ్' అని పేరు పెట్టారు. సరదా పోయింది, పేరు మిగిలింది. ప్రణీత అనే అమ్మాయి కొత్త ఇంటి గృహప్రవేశానికి గిరిజక్క ఆ సలాడే చేసుకెళ్ళింది. ప్రణీత నవ్వుతూనే అందుకుని, ఎవరి కంటా పడకుండా గరాజ్‌లో పెట్టేసింది. వెళ్ళేటప్పుడు చూశాం, పైన ఫాయిల్ కూడా విప్పలేదు. నేను లోపలికెళ్ళి నాలుగు దులిపేద్దామనుకున్నాను. గిరిజక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"వాళ్ళ భయం వాళ్ళది సుధా. శుభమా అని ఇల్లు కొనుక్కుంటే మనమెందుకు గుర్తు చెయ్యడం?"

తర్వాత పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఆమె పులిహోర చేసుకెళ్ళేది. ఇంట్లో కూడా ఆ సలాడ్ చెయ్యడం మానేసింది. పదిమంది పదిసార్లు అంటే ఎవరికైనా నిజమే కాబోలు అనిపిస్తుంది. ఆ భయం ఆమెకూ పట్టుకుంది.

సూర్యప్రకాశరావు గారని ఒక పెద్దాయన చనిపోయారు, ఆ వారమే భారీగా మంచు పడింది. దహనం వెనక్కి జరుగుతూ పోయింది. మంచు తోసే బండి వెనకాలే నెమ్మదిగా నడుపుకుంటూ రోజూ వాళ్ళింటికి వెళ్ళాం. ట్రేలు పట్టుకోడానికి హంసిక కూడా మాతో వచ్చింది. వాళ్ళబ్బాయి ఈషాన్‌తో అక్కడే పరిచయం, కొన్నేళ్ళకి పెళ్ళి. అలా సూర్యప్రకాశరావు గారి భార్య రాధారాణి గారు గిరిజక్కకి వియ్యపురాలయ్యారు. ఆవిడకి వంక పెట్టడానికేం లేదు, కోడల్ని సొంత పిల్లలా చూసుకునేవారు. ఒక్కటే మాట అన్నారు, "ఏం తెచ్చినా తెండి వదినగారూ, ఆ సలాడ్ మాత్రం మా గుమ్మం తొక్కకూడదు." గిరిజక్క తలూపింది.

2012లో హంసికకి నెల తప్పింది. నెలలు గడిచినా వాంతులు తగ్గలేదు. మంచినీళ్ళు తాగినా బయటికే. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించి పంపారు, మళ్ళీ తీసుకెళ్ళారు, మళ్ళీ పంపారు. ఇలాగే బరువు తగ్గితే ముక్కులోంచి ట్యూబ్ వేసి ఆహారం పంపాలి, లేకపోతే బిడ్డకి కూడా మంచిది కాదు అని డాక్టరు చెప్పేసింది. గిరిజక్క చారన్నం పంపింది, ఇడ్లీ పంపింది, పెరుగన్నం పంపింది. పోపు వాసన తగిలితే చాలు, పిల్ల బాత్రూమ్‌కి పరుగు. ఫోన్‌లో మాత్రం ఒకటే అడిగేది: "అమ్మా, నీ రోస్టెడ్ సలాడ్ చెయ్యవా? కోల్డ్‌గా?"

"ఇంకేదైనా అడుగు తల్లీ" అనేది గిరిజక్క.

కారులో గట్టిగానే అడిగాను, "నీకేమైనా మతి పోయిందా అక్కా? వియ్యపురాలికి జడిసి పిల్లని మాడ్చుకుంటావా?"

"ఆవిడకి జడిసి కాదు సుధా. ఇన్ని చావు ఇళ్ళకి పెట్టిన చెయ్యి ఇది. అదే చేత్తో అదే వంట కడుపుతో ఉన్న పిల్లకి ఎట్లా పెట్టను? రేపేదైనా అయితే..." అని ఆగిపోయింది. ఆ భయానికి నా దగ్గర మందు లేదు.

ఆ శనివారం మేం వెళ్ళేసరికి హంసిక అత్తగారింట్లో మంచం మీద ఉంది. చెంపలు లోపలికి పోయాయి. గిరిజక్క అన్నం డబ్బా మూత తీసిందో లేదో, పిల్ల బేసిన్ మీదికి వంగింది. కడుపులో ఏముందని వస్తుంది? వెనక్కి వాలి, ఏడుపు గొంతుతో అడిగింది.

"ఎందుకు చెయ్యవు అమ్మా? జస్ట్ చెప్పు."

"అది... అలాంటి ఇళ్ళకి చేసేది తల్లీ."

"డెడ్ వాళ్ళకా?"

గిరిజక్క అన్నం డబ్బాకి మూత పెట్టేసింది.

"డెడ్ వాళ్ళు తినరు కదా అమ్మా. ఒక్కరు కూడా తినలేదు. నువ్వు ఎవరికి పెట్టావు? వాళ్ళు అందరూ అలైవ్. హర్ష అంకుల్ వాళ్ళ మదర్ అలైవ్. తేజ అలైవ్. నువ్వు పెట్టావు, వాళ్ళు తిన్నారు, వాళ్ళు ఉన్నారు." ఊపిరి తీసుకోడానికి ఆగింది. "నాకు కూడా ఉండాలి అని ఉంది. నాకు ఆకలి అవుతుంది అమ్మా."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు ఆమె వెంట తిరిగాను, ఈ మాట నాకెందుకు తట్టలేదు? ఆ పేరు పెట్టినవాళ్ళని తిట్టుకున్నాను గానీ, ఆ పేరే తప్పని ఒక్కసారైనా అనుకోలేదు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో రాధారాణి గారు. అంతా విన్నారు. ఇక గొడవ తప్పదని నేను చీర కొంగు బిగించాను. ఆవిడ నేరుగా వంటింట్లోకి వెళ్ళిపోయారు. లోపల గిన్నెల చప్పుడు. వెళ్ళి చూస్తే ఓవెన్ తలుపు తీసి ఉంది. మన ఇళ్ళల్లో ఓవెన్ అంటే మూకుళ్ళు దాచుకునే అలమరాయే కదా. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని మూకుళ్ళూ పెనాలూ ఒక్కొక్కటే తీసి కింద పెడుతున్నారు.

"చిలగడదుంపలు ఆ బుట్టలో ఉన్నాయి వదినగారూ" అన్నారు మా వైపు చూడకుండానే. "శనగలు క్యాన్‌లోవే ఉన్నాయి. నానబోసేంత టైమ్ లేదు కదా."

గిరిజక్క తరగడం మొదలుపెట్టినప్పుడు ముక్కలు వంకరగా పడ్డాయి. ట్రేలో సర్దేటప్పటికి ముక్కకీ ముక్కకీ ఎడం కుదిరింది. నిమ్మకాయ పిండేటప్పుడు ఆ చేతులు క్యాంటీన్‌లో ఎట్లా ఉండేవో అట్లాగే ఉన్నాయి. బాగా చల్లారనిచ్చి పట్టుకెళ్ళింది. హంసిక ముందు ఒక్క శనగ గింజ నోట్లో వేసుకుంది. ఆగింది. తర్వాత ఒక ముక్క. మేం ముగ్గురం బేసిన్ వంక చూస్తూ నిలబడ్డాం. బేసిన్ అవసరం పడలేదు. "ఇంకా ఉందా?" అని అడిగింది. గిరిజక్క గోడ వైపు తిరిగి భోరుమంది. ట్యూబ్ వెయ్యాల్సిన పని రాలేదు, ఏప్రిల్‌లో మనవరాలు పుట్టింది, అదంతా తర్వాతి మాట.

హంసిక నిద్రపోయాక వంటింట్లోకి వచ్చాం. రాధారాణి గారు కూడా ఒక గిన్నెలో కొంచెం పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశారు. కళ్ళ నిండా నీళ్ళు.

"వద్దులెండి వదినగారూ" అంది గిరిజక్క. "అన్నయ్యగారు గుర్తొస్తారు. బలవంతాన తినకండి."

"ఆయన గుర్తొస్తారని కాదు." చెంచా కింద పెట్టారు. "ఆ మంచులో ఆయన్ని ఇంకా ఆ ఫ్యూనరల్ హోమ్‌లోనే ఉంచేశారు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. అందరూ హాల్లో ఉంటే నేను వంటింట్లోకి వచ్చి, నిలబడి తిన్నాను. నాకు ఆకలేసింది వదినగారూ. రుచిగా కూడా ఉంది. మళ్ళీ పెట్టుకుని తిన్నాను. ఆయనకి దహనం కూడా కాలేదు, నేను మారు పెట్టుకుని తిన్నాను. ఆ సిగ్గు ఎవరికీ చెప్పుకోలేక ఇన్నేళ్ళూ మీ వంటని తిట్టాను."

గిరిజక్క కుర్చీ దగ్గరికి లాక్కుని ఆవిడ పక్కన కూర్చుంది.

"నాకు తెలుసు వదినగారూ. మీరు హాల్లోకి వచ్చాక గ్లాసులు కడగడానికి వెళ్తే, ట్రేలో ఒక మూల ఖాళీ అయి ఉంది. అందుకే మర్నాడు ఎక్కువ చేసుకొచ్చాను."