ఆవకాయ సీసా, రెండు రాజధానులు

2024 మే 14, మంగళవారం, ఉదయం 10 గంటల 36 నిమిషాలకు బెర్లిన్‌లో పోలండ్ సరిహద్దు వైపు వెళ్ళే రైలెక్కాను. ఒళ్ళో కిలో ఆవకాయ సీసా. సరిహద్దు ఊళ్ళో చదువుకుంటున్న మేనకోడలు రాధ దానికోసం ఆర్నెల్లుగా అడుగుతోంది.

ఎదుటి సీట్లో దనూతా అనే పోలండ్ ఆవిడ కూర్చుంది. బెర్లిన్‌లో ముసలివాళ్ళను చూసుకునే పని, నెలకోసారి ఇంటికి ప్రయాణం. నేను రిటైరైన డాక్టర్నని చెప్పగానే జర్మన్ మర్యాదలో 'ఫ్రావ్ డాక్టర్', అంటే డాక్టరమ్మా, అంటూ గౌరవం పెంచింది.

"మా లుబుష్ రాష్ట్రం సగం అడవే, ఫ్రావ్ డాక్టర్. మిగతా సగం జర్మనీలో పనిచేస్తుంది," అంది.

రాజధాని ఏదంటే రెండు పేర్లు చెప్పింది. మా ఆంధ్రాలో ముందురోజే ఓట్లు పడ్డాయి. మూడు రాజధానులంటూ నాలుగేళ్ళు కొట్టుకుని ఒక్కటీ పూర్తిచేసుకోని వాళ్ళం. ఈ విషయంలో నాకు ఒకరు చెప్పాలా?

"అదంతా కాగితాల మీదే. నిజంగా రెండూ పనిచేస్తుంటే ఈ సీసా మీదే," అన్నాను.

ఆమె సంచిలోంచి రెండు ఉత్తరాలు తీసింది. ఒకటి గోజుఫ్‌లోని గవర్నరు ఆఫీసుది, రెండోది జెలోనా గూరాలోని ఎన్నికైన సభది. రెంటిమీదా ముద్ర, తేదీ ఉన్నాయి. తేదీ ఉన్న కాగితాన్ని నేను కాదనలేను.

"మరి రెండు ఊళ్ళూ కొట్టుకోవా?"

"బాగా కొట్టుకుంటాయి, మోటార్‌సైకిల్ పందేల్లో. మీవాళ్ళకు మోటార్‌సైకిళ్ళు లేవా, ఫ్రావ్ డాక్టర్?"

పోయినవి: ఆవకాయ, ఒక కిలో. మూతతో సహా సీసా, ఒకటి. రాధ నాతో మాట్లాడని రోజులు, పదకొండు. మా రాష్ట్రం పరువు అంతకుముందే పోయింది కనుక ఈ లెక్కలో వేయలేదు.