సామ్యేల్ సారు వీపు

ఎల్‌బీనగర్‌లో మా పై వాటా వాళ్ళు మంచం జరిపినప్పుడల్లా, గ్రానైట్ మీద ఇనుము గీసిన ఆ చప్పుడుకు నా చెవులు వేడెక్కుతాయి. తప్పు వాళ్ళది కాదు. అలాంటి చప్పుడే ఒక క్రిస్మస్ ఆరాధనలో, ఫంక్షన్ హాలు నిండా జనం చూస్తుండగా, నా కాలి దగ్గర్నుంచి వచ్చింది.

సామ్యేల్ సారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. ఆదివారం మా చర్చిలో డ్రమ్స్ వాయించేవారు. నాకు రెండూ నేర్పబోయారు. లెక్కలు నాకు చిక్కకుండా తప్పించుకున్నాయి. డ్రమ్స్ దగ్గర మొదటి రోజే మెరిసే పెద్ద ఇత్తడి పళ్ళెం, సింబల్ మీదికి చేయి పోనిచ్చాను. సారు స్టిక్ లాక్కున్నారు.

"గా సింబల్ ఆఖరికిరా. పెండ్లిల అక్షింతల లెక్క ఎప్పుడో ఒకపారి ఎయ్యాలె. కుడి చేతికి గీ జంట తాళాలు, హై-హ్యాట్. ఎడమ చేతికి గీ చిన్న డ్రమ్ము, స్నేర్. కాలికి గీ పెద్ద బేస్ డ్రమ్ము. పాట నడిచేది గీ కాలు మీదనే. చేతులు తప్పినా ఏం గాదు, కాలు ఆగొద్దు."

"మరి పైనున్న ఈ టామ్ డ్రమ్ములెందుకు సార్?"

"ఒక చరణంకెళ్లి ఇంకో చరణంలకు దాటనీకి. నీ అసొంటోడు ఆడనే పడ్తడు."

కొన్నాళ్ళకు మోకాళ్ళ నొప్పితో సారు ఇక బేస్ డ్రమ్ము పెడల్ తొక్కలేని స్థితికి వచ్చారు. తన జాగాలో నన్ను కూర్చోబెడతానంటే పాస్టర్ గారు తల అడ్డంగా ఊపారు. "వాడు ప్రార్థనల గూడ జోకులేస్తడు సార్." సారు ఒక్క మాటే అన్నారు: "జిమ్మేదారి నాది."

ఆయన ఎప్పుడూ డ్రమ్ముల కింద ముందుగా ఒక చిరుగుల జంఖానా పరిచేవారు. ఆ క్రిస్మస్‌కు తీసుకున్న ఫంక్షన్ హాల్లో గ్రానైట్ వేదిక అద్దంలా మెరుస్తోంది. ఫొటోల్లో అది బాగుండదని చుట్టి స్పీకర్ వెనక దాచేశాను. మొదటి పల్లవికే బేస్ డ్రమ్ము ఇనప కాళ్ళు కిర్రుమంటూ ముందుకు జారింది. నేను స్టూలు జరుపుకున్నాను. అది మళ్ళీ జారింది. కాలు ఆపొద్దన్నారు కదా, ఆపలేదు. డ్రమ్మును తరుముకుంటూ వేదిక అంచు దాకా వెళ్ళాను. "అయ్యో, పిలగాడు పడ్తడే!" అని ముందు వరుసలో ఒకామె అరిచింది. హాలంతా నవ్వు. ఎవరు ఏడ్చినా జోకు వేసే నాకు ఒక్క జోకూ తోచలేదు.

స్టిక్స్ పడేసి పారిపోదామనుకున్నాను. ఇంతలో సారు మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి, పండగ చొక్కాతోనే డ్రమ్ముకు ముందు నేల మీద కూర్చున్నారు. దానికి వీపు ఆనించి, జనం వైపు తిరిగి కళ్ళు మూసుకున్నారు.

"కాలు ఆపకురా."

తొక్కాను. ప్రతి దెబ్బకూ ఆయన భుజాలు అదిరాయి. నవ్వులు ఆగిపోయాయి. నవ్వుతూ ఉంటేనే నయమనిపించింది.

ఇంటికి వెళ్తుంటే స్కూటర్ మీద అడిగాను, "ఇంక నన్ను రానియ్యరా సార్?"

"రెండో చరణంల జర ఉరికినవ్. వీపుకు ఎర్కైంది. వచ్చే ఆదివారం జల్ది రా."

జంఖానా మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒక జోకు వేసి తేలికపడేవాణ్ణి.

సారు ఇప్పుడు లేరు. నేను పెడల్ మీద కాలు పెడితే మాత్రం డ్రమ్ముకు అవతల ఒక వీపు ఆని ఉన్నట్టే ఉంటుంది. "అన్నా, జర దమ్ముతోని కొట్టు," అంటారు చర్చిలో పాడే కుర్రాళ్ళు. నవ్వేసి ఊరుకుంటాను. గట్టిగా కొడితే ఎవరికి తగులుతుందో వాళ్ళకు తెలియదు.