తియ్యమన్న గొంతు

మా వైపు 'తియ్యి' అనే మాటకు లెక్కలేనన్ని పనులు. ఫోటో తియ్యి, పాటలు తియ్యి, వైరస్ తియ్యి, తలుపు తియ్యి. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే షాపు నడిపినన్నాళ్ళూ ఈ మాటతో నా తల ప్రాణం తోకకు వచ్చేది. తియ్యమంటే కాపీ చేసి ఇమ్మనా, మొత్తానికే తుడిచెయ్యమనా? అడిగితే "గదే అక్కా, తియ్యి" అనేవాళ్ళు. నేను కసురుకునేదాన్ని.

ఒక సాయంత్రం నాలుగేళ్ళ బిడ్డను వెంటేసుకుని వచ్చినామెనూ అలాగే కసిరాను. దగ్గరికి రాగానే బీడీల తంబాకు వాసన వేసింది. పాత బటన్ల ఫోన్ బల్ల మీద పెట్టి, "ఈ ఫోన్లకెల్లి మా ఆయన గొంతు తియ్యాలె అక్కా" అంది.

"కాపీనా, తీసేసుడా? ముందు గది చెప్పు."

"ఇండ్ల ఉండొద్దు. గని ఖరాబు కావొద్దు. నా బిడ్డ పెద్దగైనంక ఇనాలె."

తర్వాత మెల్లగా సంగతి చెప్పింది. భర్త కామారెడ్డిలో రైస్ మిల్లులో పనిచేసి రోజూ సాయంత్రం బస్సుకు వచ్చేవాడట. ఆ వేళకు ఈమె చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయి ఉండేది. ఇంట్లో అతని ముసలి తల్లికి కునుకు పట్టేది. ఎంత కొట్టినా తలుపు తీసేది కాదు. అందుకని అతను నవ్వులాటగా తన గొంతు రికార్డు చేసి, తల్లి ఫోన్‌లో బస్సు వేళకు అలారంగా పెట్టాడు. పోయిన వానాకాలం మిల్లు నుంచి వస్తూ రోడ్డు ప్రమాదంలో పోయాడు. అలారం మాత్రం రోజూ మోగుతూనే ఉంది.

"మోగినప్పుడల్లా మా అత్త లేచి తలుపు తీస్తది. కంచంల అన్నం పెడ్తది. బంద్ చేస్తే వాడకట్టు పోరగాండ్లతోని మళ్ళ పెట్టిపిచ్చుకుంటది. ఆ ఇంట్ల ఉండాల్నంటే నాకు భయమైతుంది అక్కా. బ్యాటరీ ఖరాబైందని చెప్పి ఫోన్ తెచ్చిన."

నా కసురు నాలోనే అణిగిపోయింది. ఫోన్‌లోంచి కార్డు తీసి రీడర్‌లో పెట్టాను. కార్డు పాడయ్యే స్థితిలో ఉంది. మౌస్‌తో లాగితే కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఇక కామారెడ్డిలో కంప్యూటర్ కోర్సు చేసినప్పుడు నేర్చుకున్న, కమాండ్లు కొట్టే నల్ల తెరే దిక్కు. ఫైళ్ళు కాపీ చేసే రోబోకాపీ కమాండు కొట్టి, పక్కన మూవ్ ఆప్షన్ పెట్టబోయి ఆగాను. మూవ్ అంటే అక్కడ రాసి, ఇక్కడ తుడిచెయ్యడమే. రాసింది సరిగ్గా పలుకుతుందో లేదో అది వినదు. ఉన్నది ఒక్క గొంతు. ముందు కాపీ చేసి, విని, ఆ తర్వాతే తుడవాలనుకున్నాను.

ఎర్రర్ వచ్చింది. ముప్పై సెకన్లు ఆగుతున్నానని తెర మీద రాసింది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ ఆగింది. ఎన్నిసార్లు చూడాలో, ఎంతసేపు ఆగాలో మనం చెప్పకపోతే ఆ కమాండు పది లక్షల సార్లు అలాగే ఎదురుచూస్తుంది. మామూలుగా నేను రెండుసార్లకు కుదించేదాన్ని. ఆ రోజు కుదించబుద్ధి కాలేదు. ముగ్గురం నల్ల తెరను చూస్తూ కూర్చున్నాం.

చివరికి ఫైలు వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను, బాగానే ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసి ఆమె చేతికిచ్చాను. కార్డులోది తుడిచేసి, "అయిపోయింది, ఇంక మోగది" అన్నాను. ఆమె ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు బల్ల మీది ఫోన్ మాట్లాడింది.

"అవ్వా, వస్తున్న. తలుపు తియ్యి."

కార్డు ఇంకా నా రీడర్‌లోనే ఉంది. అలారానికి పెట్టిన రోజే ఫోన్ తన లోపలి మెమరీలో ఇంకో కాపీ చేసుకుందని తర్వాత వెతికితే తెలిసింది. ఆ క్షణాన మాత్రం నేను నేర్చుకున్న కోర్సు ఏదీ గుర్తుకు రాలేదు, నిజంగా భయపడ్డాను. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బిడ్డ ఒక్కతే బెదరలేదు. బెంచీ దిగి పోయి, షాపు అద్దాల తలుపు రెండు చేతులతో తెరిచి పట్టుకుంది. బయట ఎవరూ లేరు. తలెత్తి పైకి చూసింది. ఆ చూపును మెల్లగా గుమ్మం మీదుగా షాపు లోపలికి, వాళ్ళమ్మ దాకా తిప్పింది. తర్వాత తలుపు జాగ్రత్తగా మూసింది.

"ఎందుకు మూసినవ్ బిడ్డా?" అని నేనే అడిగాను.

"బాపు లోపలికొచ్చిండు గదా."

తల్లి బెంచీ మీద కొంచెం పక్కకు జరిగి, ఇంకొకరికి చోటు ఇచ్చింది.