నా కుక్కకు పులిచారలు

మా మరిదిని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మనిషి చెడ్డవాడు కాదు, అదే అసలు తంటా. చెడ్డవాడైతే కుక్కను అతని దగ్గర వదిలేదాన్నే కాదు.

ఆ కుక్క మా ఇంటికి అనుకోకుండా వచ్చింది. హైదరాబాద్‌లో మా అక్క వంట చేసే ఇంటివాళ్ళు, కుక్కలను రానివ్వని అపార్టుమెంటుకు మారుతూ దాన్ని ఆమె చేతిలో పెట్టారు. అక్క దాన్ని మహబూబ్‌నగర్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తెల్లటి బొచ్చు, పొట్టి కాళ్ళు, నిక్కబొడుచుకున్న చెవులు. వెస్ట్ హైలాండ్ టెర్రియర్ అంటారట. ఎక్కడో చలిదేశపు కొండల్లో బొరియల్లోకి దూరి నక్కలను తరమడానికి పెంచిన జాతి. మా వీధిలో మాత్రం అందరూ "గొర్రెపిల్లనా?" అని అడిగేవాళ్ళు.

గొర్రెపిల్లకున్న నెమ్మది దానికి లేదు. మనిషి జానెడు, పొగరు బారెడు. బర్రె ఎదురొచ్చినా పక్కకు జరగదు. పిలిస్తే వినబడనట్టు నటిస్తుంది. మందార చెట్టు దగ్గర ఎలుక వాసన తగిలితే వేళ్ళు బయటపడేదాకా తవ్వుతుంది. ఇంత మొండిదానికి చర్మం మాత్రం పసిపిల్లది. ఏది పడకపోయినా ఎర్రగా పొక్కుతుంది. రోజూ దువ్వాలి కానీ రోజూ స్నానం చేయించకూడదు. మనుషుల సబ్బు అసలే పనికిరాదు. ఇవన్నీ నేను పశువుల డాక్టరు చుట్టూ తిరిగి, నానా తిప్పలు పడి నేర్చుకున్నాను.

అక్కకు ఆపరేషన్ అయినప్పుడు నేను, మా ఆయన దవాఖానలో ఉండాల్సి వచ్చింది. కుక్కను అచ్చంపేట దగ్గర మా అత్తగారి ఊళ్ళో దింపాం. మరిది చేతికి దువ్వెన ఇచ్చి చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"తానం పొయ్యకు, సబ్బు పెట్టకు, ఒంటికి ఏం పుయ్యకు."

"నేను సూసుకుంట గద వదినా. ఫికర్ జెయ్యకు," అన్నాడు.

అక్కను వార్డులోకి మార్చాక కాస్త తీరిక దొరికి ఫోన్ తెరిచాను. మరిది వాట్సాప్ స్టేటస్‌లో పల్లిచేను, చేను మధ్యలో గూటానికి కట్టేసిన పులి. ఒళ్ళంతా పసుపు, దాని మీద నల్లటి చారలు. చెవులు చూసి గుర్తుపట్టాను. నా కుక్క! గొంతు బొంగురుపోయి కూడా మొరుగుతూనే ఉంది. తాడు ఎంతదూరం వస్తుందో కోతులు కొలిచి పెట్టుకున్నట్టున్నాయి. సరిగ్గా దానికి అందనంత దూరంలో కూర్చుని పల్లిచెట్లు పీకి, కాయలు ఒలుచుకుని తింటున్నాయి. వీడియో తీస్తున్న మరిది నవ్వు వినిపించింది. పక్కనే మా అత్తమ్మ నవ్వు.

అక్కడ పల్లి వేసిన రైతుకు కోతులతో ఎంత బాధో నాకు తెలియదా? తెలుసు. ఎవరో ఎక్కడో ఊరకుక్కకు పులిచారలు వేస్తే కోతులు పారిపోయాయని మా మరిది విన్నాడట. పక్కనే నల్లమల. అసలు పులినే ఎరిగిన కోతులు జానెడు బొచ్చుకుక్కను చూసి పారిపోతాయా? పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఆ నక్క నయం, తన వాత తనే పెట్టుకుంది. నా కుక్కకు మా మరిది పెట్టాడు.

ఫోన్ చేసి "దానికేం పూసినవ్?" అని అరిచాను. వార్డులో అందరూ తిరిగి చూశారు.

"పసుపే వదినా. చారలకు అమ్మ తలకేసుకునే నల్లరంగు. అమ్మకేం గాలే గద?"

అక్క దగ్గర మా ఆయన్ను ఉంచి బస్సెక్కాను. వెళ్ళేసరికి కుక్క ముఖం వాచిపోయి కళ్ళు మూసుకుపోయాయి. చారలున్నచోటల్లా చర్మం పచ్చిపుండు. మంటకు రంగును నాకేసింది. అచ్చంపేట పశువుల దవాఖానలో డాక్టరు సూదులు వేసి, వాపు గొంతులోకి దిగితే దక్కదని చెప్పాడు. అది ఒళ్ళో ఎగపోస్తుంటే సాయంత్రందాకా దవాఖాన అరుగు మీదే కూర్చున్నాను. మెల్లగా ఊపిరి తేలికైంది.

అత్తగారింటికి తెస్తే అత్తమ్మ మూతి ముడిచింది. "కుక్కకోసం గింత లొల్లా బిడ్డా? ఒకదిక్కు పంటంత పోతాంది, అది కానొస్తలేదా?"

"పంట పోతుంటే నవ్వుకుంట వీడియో తీస్తరా అత్తమ్మా?" అన్నాను. ఆమె విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. మరిది మాత్రం, "జర తమాషకు చేసిన వదినా, ఏమనుకోకు," అన్నాడు. తమాషా! ఆ మాటకు నాకు చెయ్యి లేచింది. ఎట్లా ఆపుకున్నానో నాకే తెలియదు.

పుండ్లు మానాయి. తెల్లబొచ్చు మళ్ళీ వచ్చింది కానీ చారలు గీసినచోట రాలేదు. వీపు మీద నల్లటి పట్టీల్లాగా చర్మం అలాగే మిగిలిపోయింది. ఎండకు ఆ చోట్లు కందుతాయని బయటికి తీసుకుపోయినప్పుడల్లా పాత నూలుబట్ట కప్పుతున్నాను.

ఈ యాసంగి పంటప్పుడు మరిది ఫోన్ చేశాడు. నేను కుక్కను దువ్వుతూ ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"వదినా, కోతులు మల్ల చేన్ల వడ్డయ్. కుక్కను జర తోలిస్తవా? గీసారి ఒట్టి పసుపే పూస్త."

"నల్లరంగు నేనే కొనుక్కొస్త. నీకే పూస్త. నువ్వే పోయి గూటం కాడ కూసో," అని ఫోన్ పెట్టేశాను.

కిందికి చూస్తే, అతని గొంతు విన్న సంతోషంతో నా కుక్క తోక ఊపుతోంది. నాకు దాని మీద కూడా కోపమొచ్చింది.