గడప మీద దిగిన వీరుడు

ఈరోజు అక్క మీద అన్యాయంగా అరిచాను. తప్పు నాది.

స్టీల్ ప్లాంటు కాలనీలో, సెక్టర్ ఏడు క్వార్టర్లో అక్కా నేనూ ఇద్దరమే ఉంటాం. చిన్నప్పుడు కలిసి ఆడిన ఒక పాత కంప్యూటర్ ఆటను విప్పి చూడటం నా తీరిక పని. అందులో ఊళ్లూ కోటలూ గళ్లు గీసిన పటాలుగా ఉంటాయి. వీరుడు తలుపున్న గడిలో అడుగుపెట్టగానే తెర క్షణం సేపు చీకటవుతుంది. వెలుగు వచ్చేసరికి మరో పటంలో ఉంటాడు. ఆ చీకటిలో ఏం జరుగుతుందో ఎక్కడా రాసి లేదు. ఫైలులో అంకెలు మార్చి, ఆడి చూసి కనిపెడుతున్నాను. ఏ పటానికి వెళ్లాలి, ఏ గడిలో దిగాలి, ఎటు తిరిగి నిలబడాలి, అన్నీ ఆ అంకెల్లోనే ఉన్నాయి. మా సెక్టర్లో క్వార్టర్లన్నీ ఒకేలా ఉంటాయి. సాయంత్రం ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడుతుంటే, ఎవరి తలుపు తీసినా మా చిన్ననాటి వంటింట్లోకే దిగుతానేమో అనిపిస్తుంది.

మోకాళ్ల నొప్పులతో అక్క ఇల్లు దాటడం తగ్గింది. ఆ వీరుడితోనే ఊళ్లు తిరుగుతూ, నెలల తరబడి ఆడి చివరి కోట దాకా వచ్చింది. నేను పొద్దున కోట తలుపు అంకెలు మార్చి, పాతవి తిరిగి పెట్టకుండానే పని మీద పక్క ఊరు దుర్గ్ వెళ్లిపోయాను. వచ్చి చూస్తే వీరుడు కోటలోకి, బయటికి, మళ్లీ కోటలోకి ఆగకుండా ఊగిసలాడుతున్నాడు. తలుపు దాటిన ప్రతిసారీ ఆట తనంతట తానే సేవ్ అవుతుంది. అంతకుముందు సేవ్ అయిన చోటికి వెనక్కి వెళ్లే దారి లేదు.

"ఏం నొక్కావు? తెలియనివి ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాను.

"నానేటీ నొక్కలేదురా. తలుపులోకి ఎల్లానంతే." తెర వైపే చూస్తూ అంది, "ఆడు గడప మీద నిల్చున్నాడేటి? అమ్మయితే ఊరుకునేదా? లోపలికైనా రా, బయటికైనా పో అనేసేది."

లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పుడు వెలిగింది. ఆట రాసినవాళ్లు ప్రతి తలుపు దగ్గరా వీరుణ్ణి గడప దాటించి, ఒక అడుగు అవతల దింపారు. ఆ అడుగు దేనికో తెలియక, రెండు వైపులా తీసేసింది నేనే. తలుపు గడి మీదే దిగుతున్నాడు గనక ఆ తలుపు మళ్లీ అవతలికి తోసేస్తోంది.

అంకెలు సరిచేసి, వంటింట్లోకి వెళ్లాను.

"అక్కా, పొద్దున ఆణ్ణి గడప మీద దింపింది నేనే."

"మరి నన్నెందుకు తిట్టావు?"

"చూసుకోకుండా."

"బేవకూఫ్," అని హిందీలో తిట్టింది. నవ్వలేదు.

టీ నేనే పెట్టాను. నా ప్రయోగాలకు ఆటను విడిగా కాపీ చేసుకుని, అక్క ఆట జోలికి ఇక వెళ్లనని చెప్పాను. ఆమె వచ్చి కూర్చుంది. తెర చీకటయింది, వెలిగింది. వీరుడు కోట లోపల, గడపకు ఒక అడుగు అవతల ఆగాడు. అక్క అతన్ని వెంటనే కదపలేదు. కోట దీపాలు చూస్తూ టీ తాగింది. నేను పక్కనే పీట వేసుకుని కూర్చుని, ఆమె నడిపించేదాకా చూస్తూ ఉన్నాను.