పగడాల దీవికి పగటి దారి

చవకగా వెళ్లాలంటే రాత్రిపూటే వెళ్లాలి. అండమాన్ ప్రయాణానికి దారులు వెతికిన ఆ చలికాలంలో నాకు తెలిసివచ్చింది ఇదే. నారాయణఖేడ్ నుంచి రాత్రి బస్సులో హైదరాబాద్, రాత్రి రైలులో చెన్నై, అక్కడి నుంచి మూడు రోజులు ఓడలో, కిటికీ లేని కింది అంతస్తులో పడక. రాత్రిళ్లు ప్రయాణిస్తే లాడ్జి ఖర్చు ఉండదు. కానీ పొద్దుగూకితే నాకు కళ్లు కనిపించవు.

చిన్నప్పటి నుంచీ రేచీకటే అనుకున్నాం. డిగ్రీ చివరి ఏడాదిలో హైదరాబాద్ డాక్టర్ అసలు సంగతి చెప్పాడు. చూపు అంచుల నుంచి మూసుకుపోతోందట. మందు లేదు. ఎన్నేళ్లు ఉంటుందో చెప్పలేనన్నాడు. ఇంటికొచ్చి డైరీ తెరిచి, ఏమీ రాయకుండా మూసేశాను.

ఆ తర్వాత లైబ్రరీలో పాత పత్రిక ఒకటి తిరగేస్తుంటే అండమాన్ పగడపు దిబ్బల బొమ్మలు కనిపించాయి. పడవ అడుగున అద్దం బిగించి ఉంటుందట. వంగి చూస్తే చాలు, కింద ఎరుపు, ఊదా, పసుపు. నాకు మిగిలింది ఎదుటి చూపే. దానికి ఆ అద్దం సరిపోతుంది. అది కూడా పోకముందే చూడాలి.

“నీళ్లల్ల రాళ్లు సూడనీకి గంత దూరం పోతరా? మన చెల్కల లేవా రాళ్లు?” అన్నాడు నాయిన, కందిచేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ.

“అవి రాళ్లు గావు. పానమున్నయి.”

“ఉంటే ఆడనే ఉంటయి గద. వచ్చే ఏడు సూద్దాం.”

“వచ్చే ఏడు నా కండ్లు గిట్లనే ఉంటయా?”

నాయిన చెంబు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

“నేనొస్త,” అంది అమ్మ. “రాత్రి చెయ్యి వట్టుకుంట.”

అమ్మకు పక్కనున్న మనూర్ దాకా బస్సెక్కినా వాంతులే. అందుకే రాత్రి ప్రయాణం ఎలా ఉంటుందో ముందు ఒకసారి చూసుకుందామని ఇద్దరం సాయంత్రం బస్సులో సంగారెడ్డికి బయలుదేరాం. సగం దారిలోనే అమ్మ తల కిటికీకి ఆనించేసింది. సంగారెడ్డి బస్టాండులో దిగేసరికి చీకటి పడింది. “గిక్కడ్నే ఉండు,” అని నా చెయ్యి వదిలి వాంతికి గోడ పక్కకు పరుగెత్తింది.

నా చుట్టూ ఇంజన్ల మోత. రెండు మూడు మసక దీపాలు తప్ప ఏమీ లేవు. వెనక హారన్ మోగితే పక్కకు జరిగాను. అక్కడ ఇంకో హారన్. ఎటు జరిగానో, అమ్మ ఎటు వెళ్లిందో తెలియలేదు. క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలని దాన్ని, ఎవరిని పిలుస్తాను? ఏదో బస్సు వేడిగాలి ముఖానికి తగిలింది. అప్పుడు అమ్మా అని అరిచాను, బస్టాండంతా తిరిగి చూసి ఉంటుంది.

అమ్మ వచ్చి మోచెయ్యి పట్టుకుంది. బెంచీ మీద కూర్చున్నాక, “మూడు దినాలు ఓడల నాతోని గాదు బిడ్డా,” అంది. “నిన్ను వట్టుకునుడేమో గాని, నన్నే ఎవరన్న వట్టుకోవాలె.”

నవ్వబోయి ఏడ్చేశాను.

“అయితే నేనొక్కదాన్నే పోత.”

“పరేషానైతే గిప్పుడు అమ్మా అని ఒర్రినట్ల ఒర్రుతవా?”

“ఒర్రుత.”

ఆ చీకట్లో అమ్మ ముఖం ఎలా ఉందో నాకు కనిపించలేదు.

మర్నాడు నారాయణఖేడ్‌లో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాను. ఓడల వెబ్‌సైట్‌లో తేదీలు ఇంకా పెట్టలేదు. ఇక ఒక్కరికే పడక కావాలి. ఆ పేజీనే మళ్లీ మళ్లీ తెరుస్తూ కూర్చున్నాను. బయట ఎండ పలచబడుతోంది. పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలి.