చిలకల పాటలో చివరి పదకొండు సెకన్లు

మొన్న ఆదివారం నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంటే, మా తమ్ముడి కూతురు నా పక్కన చేరి ఫోనులో చిన్న చిన్న వీడియోలు ఒకదాని వెంట ఒకటి తోసేస్తూ ఉండగా, పెరియకుళం వైపు మామిడితోటలది ఒకటి వచ్చి, ఆ పచ్చికాయల కొమ్మల వెనక ఒక ఆడమనిషి గొంతు వినబడింది. నూతిలోంచి వచ్చినట్టు కాస్త బొంగురుగా, అక్కడక్కడ తెగుతూ ఉంది. అయినా నాలుగు మాటలు చాలాయి. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

రావాకే రావాకే రామసిలకా,
మా తోట కాయింకా పుల్లంగుండాది.
మాగినంక నేనే నిన్ను పిలస్తా,
పిల్లల్ని గూడా తోడుకోని రా.

మా పిల్లకు ఆ పాట ఎంత నచ్చిందంటే, అది ఎక్కడినుంచి వచ్చిందో అప్పటికే వెతికి పట్టుకుంది. జానపద పాటలు దాచే ఒక సంఘం వారి పేజీ తెరిచి నా కళ్ళ ముందు పెట్టి, "అత్తా, ఇది మన మాటే కదా? వద్దనేదానికి రావాకు, పోవాకు అని మన ఇండ్లల్లోనే కదా అంటాము? కింద పారు, చూడు, భాష అన్‌నోన్, పాడినోళ్ళు అన్‌నోన్ అని పెట్టుండారు. ఎవరత్తా ఇట్ల రాసిండేది?" అంది.

నేను తేలు కుట్టిన దొంగలా చిక్కుడుకాయల వైపు తల తిప్పుకున్నాను. అలా రాసింది నేను. పాడింది మా అమ్మ.

ఈ మాట నేను పాతికేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. నా ఈడువాళ్ళు చదువుతారనే ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను, ఎందుకంటే మన వయసులో ప్రతివారి దగ్గరా ఇలాంటిది ఒకటి ఎక్కడో అడుగున పడి ఉంటుందని నా అనుమానం. మాది కోయంబత్తూరు. ఊరు ఊడ్చేవాళ్ళకు కార్పొరేషను వారు కట్టించిన వరస ఇళ్ళలో మాదొకటి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, అలా పెరిగాము. చదువంతా తమిళంలోనే. ఇదిగో ఈ తెలుగు అక్షరాలు అమ్మ పోయిన ఏడాది, పంతం కొద్దీ, చిన్నపిల్లల పలక పుస్తకం ముందు పెట్టుకుని దిద్దుకున్నవి. ఎందుకు పంతం పట్టానో మీకే తెలుస్తుంది.

అప్పుడు నాకు ముప్పై ఏళ్ళు. మా కాలనీలో కంప్యూటరు ముందు కూర్చుని పనిచేసే మొదటిదాన్ని నేనే. ఆ రోజుల్లో నెట్టులో పాట వినడమంటే ఎంత తపస్సో మీరు మరిచిపోయి ఉండరు. ఫోను తీగ తగిలించి, అది కీచుకీచుమని అరిచి అరిచి కలిసేదాకా కాచుకుని, పాట మొదలై రెండు ముక్కలు వినబడి, మళ్ళీ ఆగి, ఆ చిన్న గీత నిండేదాకా నోరు తెరుచుకుని కూర్చోవడం. ఆ పాటలు కూడా ఒక కంపెనీవాడి ప్లేయరులో తప్ప మరి దేంట్లోనూ పాడేవి కావు. దాచుకోనివ్వడు, సీడీలో వేసుకోనివ్వడు. కొన్నాళ్ళకు ఆ తీరు వెనకబడిపోయి, ఎక్కడైనా పాడే ఎంపీత్రీ వచ్చేసరికి, పాతవన్నీ అందులోకి మార్చుకోవాలని అందరికీ తొందర పుట్టింది. మా ఆఫీసు ఆ తొందర మీదే బతికేది.

పని వినడానికి గొప్పగా ఉంటుంది గాని, నిజానికి గాడిదచాకిరీ. పాత ఫైలును ఆ ప్లేయరులో పాడించాలి, అది పాడుతుండగా ఇంకొక సాఫ్టువేరులో దాన్ని కొత్తగా రికార్డు చేసుకోవాలి. గంట పాటకు గంటా పడుతుంది, తొందరపెట్టడానికి లేదు. మధ్యలో కంప్యూటరు టింగుమందంటే ఆ టింగు కూడా పాటలో చేరిపోతుంది, మళ్ళీ మొదటికి రావాలి. అయ్యాక ముందూ వెనకా ఉన్న దగ్గులూ మాటలూ కత్తిరించి పాట మాత్రం ఉంచాలి. తరువాత ఒక పట్టికలో పాట ఏది, భాష ఏది, పాడినవారెవరు, ఊరేది అని నింపి, పాత ఫైలును తీసేయాలి. ఆ సంఘం వారు తమ డిస్కునే మాకిచ్చి, పాతవి తీసి కొత్తవి పెట్టి ఇమ్మన్నారు. అందుచేత తీసేస్తే తీసేసినట్టే.

మా సార్ సూలూరు దగ్గరి మిల్లుల కుటుంబం మనిషి. పొలాలూ మిల్లులూ ఉన్న తెలుగువాళ్ళు. ఫోనులో ఇంటివాళ్ళతో తెలుగే మాట్లాడేవారు. మన వైపు సంగతి ఎరిగినవారికి చెప్పనక్కరలేదు, తమిళం మధ్యన ఒక తెలుగువాడు ఇంకొక తెలుగువాణ్ణి కనిపెట్టాడంటే ముఖం విప్పారుతుంది, వెంటనే "ఏ ఊరు? ఎవురింటోళ్ళు?" అని అడుగుతాడు. అడగడంలో ప్రేమే ఉంటుంది. జవాబు విన్నాకనే ఆ ప్రేమ ఉంటుందో పోతుందో తేలేది. చిన్నప్పుడు ఒక పెళ్ళిలో మా నాయనను అలాగే అడిగినవారు, జవాబు విని మంచినీళ్ళ చెంబు కాస్త దూరంగా జరిపారు. నేను చూశాను. అందుకని ఆ ఆఫీసులో చేరిన మొదటిరోజునుంచే నాకు తెలుగు ఒక్క ముక్క రానట్టు నటించాను. సార్ ఫోనులో ఏదైనా హాస్యమాడితే నవ్వు వచ్చేది, పళ్ళు బిగపట్టి కీబోర్డు చూసుకునేదాన్ని. ఆయన మంచివారు, ఏనాడూ గద్దించి మాట్లాడలేదు. ఆ మంచితనం పోతుందనే నాకు భయం.

ఇక పాట సంగతి. దానికి రెండేళ్ళ ముందు ఆ సంఘం తరఫున ఎవరో కాలేజీవాళ్ళు మా కాలనీకి టేపు రికార్డరు తెచ్చి పాత పాటలు అడిగితే, అమ్మ పెరియకుళం దగ్గర తోటల్లో కాపలా ఉన్న తన చిన్నతనంలో చిలకలను తోలడానికి పాడిన పాట పాడింది. కంప్యూటరులో వస్తుందని చెప్పి వెళ్ళారు. ఎవరి కంప్యూటరులో వచ్చిందో గాని అమ్మ చెవికైతే రాలేదు. చిలకలను తిట్టి తోలకుండా బతిమాలి తోలే పాట ఇంకెక్కడా లేదని అమ్మ గర్వం. తన గొంతు తాను ఒక్కసారి వినాలని అమ్మకు చెప్పలేనంత ఆశ. ఆ సంఘం వారి పని మా ఆఫీసుకే వచ్చిందని నోరు జారి ఇంట్లో చెప్పింది నేనే. ఆ సాయంత్రమే అమ్మ కాలనీ అంతా చెప్పుకుంది, "నా గొంతు కంప్యూటర్ల ఇరుక్కోనుండాది, మా పాప తీసుకోనొస్తాది" అని.

ఆ ఫైలు నా వంతుకే వచ్చింది. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, అమ్మ గొంతని తెలిసిన క్షణంలో నాకు కలిగింది సంతోషమే, అబద్ధం చెప్పను. పాట అయిపోయింది. ఫైలు ఇంకా నడుస్తూనే ఉంది. అమ్మ ఊపిరి కూడా తీసుకోకుండా తన పేరు చెప్పింది, మా కాలనీ పేరు చెప్పింది, చీపురు పని చేస్తానని చెప్పింది, చివర నవ్వుతూ, "నా కూతురు కంప్యూటర్ పని నేర్చుకోనుండాది సార్" అని నా పేరు కూడా చెప్పింది. అంతా కలిపి పదకొండు సెకన్లు. నా చెవుల్లోనే అయినా, ఆ పదకొండు సెకన్లూ గది గదంతా విన్నట్టు, హెడ్‌ఫోను తీగ ఊడిందేమోనని తడుముకున్నాను.

పాట మాత్రమే ఉంచాలన్నది నియమం. ఎంత చక్కటి నియమం! నేను చేసిన పనిని తప్పనడానికి ఎవరికీ సందు లేదు. కత్తిరించాను. తొందరలో గీత కాస్త పక్కకు పడినట్టుంది, మళ్ళీ విని సరిచూడలేదు, వినలేకపోయాను. పట్టిక నింపబోతూ ఆగిపోయాను. భాష తెలుగని రాస్తే నీకెలా తెలుసంటారు. అటుగా పోతున్న సార్ నా తటపటాయింపు చూసి, ఏమైందని తమిళంలో అడిగారు. ఏం భాషో తెలియడం లేదన్నాను. "తెరియలన్నా అన్‌నోన్ పోట్టుడుమ్మా" అని, తెలియకపోతే అలాగే వేసెయ్యమని చెప్పి వెళ్ళిపోయారు. వేసేశాను. పాత ఫైలు తీసేశాను. మా అమ్మను మా అమ్మని తెలియదని రాయడానికి నాకు అరనిమిషం పట్టలేదు.

ఆ సాయంత్రం గుమ్మంలోనే అమ్మ, "నా పాట్టు వచ్చినాదా పాపా?" అంది. ఫైలు ఓపెన్ కాలేదమ్మా అన్నాను. చదువుకున్నవాళ్ళ అబద్ధంలో ఉన్న సౌకర్యం ఇదే, ఎదురు ప్రశ్న ఉండదు. దినం నేను వందల నిమిషాల పాటలు మార్చి సీడీలలో వేసేదాన్ని, ఊరూపేరూ తెలియనివాళ్ళ పెళ్ళిపాటలూ భజనలూ అందరి ఇళ్ళకూ చేర్చేదాన్ని, మా ఇంటికి మాత్రం మూడు నిమిషాల పాట తేలేకపోయాను. తేవాలంటే సార్‌ని అడగాలి. అడిగితే ఎవరిదని ఆయన అడుగుతారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా ఇంట్లో అమ్మే అడిగింది, కూతురే పెట్టలేదు.

అమ్మ అడుగుతూనే ఉండేది, మొదట వారానికొకసారి, తరువాత పండగలప్పుడు. నేను కొత్త కొత్త జవాబులు కనిపెట్టేదాన్ని, ఆ ప్లేయరు ఇప్పుడు దొరకడం లేదని, ఫైలు పాడైపోయిందని. వాటిని అమ్మ అప్పచెప్పినట్టు కాలనీవాళ్ళకు చెప్పి నన్ను వెనకేసుకొచ్చేది. నాలుగేళ్ళకు ఆయాసంతో ఆసుపత్రిలో పడింది. ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే మళ్ళీ పాట మాట ఎత్తింది. ఈసారి తెస్తానమ్మా అన్నాను, నిజంగానే అనుకున్నాను కూడా. అమ్మ నా చేయి పట్టుకుని, "వద్దులే కన్నా. నువ్వు పోయి సార్‌ని అడగవాకు" అంది.

సార్‌ని అడగాలని నేను ఏనాడూ ఇంట్లో అనలేదు. ఫైలు ఓపెన్ కాలేదని మాత్రమే చెప్పాను. అమ్మకు ఎప్పటినుంచి తెలుసో, తెలిసి కూడా ఎన్నాళ్ళు నా అబద్ధాలను మోసుకు తిరిగిందో నాకు తెలియదు. ఆ వారంలోనే అమ్మ పోయింది. గంజి గిన్నె పట్టుకుని తల వంచుకున్న ఆ మధ్యాహ్నం మాత్రం నన్ను వదిలిపెట్టలేదు. సార్‌ని అడిగి ఉంటే ఏమనేవారో! ఆయనే సీడీ వేసి ఇచ్చేవారేమో, లేక చెంబు జరిపేవారేమో. అడగనిదానికి జవాబెక్కడిది?

ఇదంతా మొన్న మా పిల్లకు చెప్పాను. అది పుట్టేసరికే అమ్మ లేదు, నానమ్మ గొంతు ఎలా ఉంటుందో దానికి తెలియదు. అదైనా నన్ను తిడితే బాగుండుననిపించింది. తరువాత ఆ సంఘానికి ఫోను చేసి పాత టేపులు అడిగింది, ఏనాటి వానలోనో తడిస్తే పారేశారట. ఇక ఉన్నది ఆ ముక్కే. పాట చివర ఫోను చెవికి ఆనించుకుని, "అత్తా, ఆఖర్న 'నా' అని ఏమో చెప్ప వచ్చి ఆగిపోయినాదే, ఏమత్తా అది?" అంది. నా కత్తిరింపులోంచి జారి మిగిలిన ఒక్క అక్షరం. దానికి నా నోటితోనే పూర్తి చేసి చెప్పాను, "నా పేరు రంగమ్మ."

తప్పులు సరిదిద్దడానికి ఆ పేజీలో ఒక ఫారం ఉంది. భాష, తెలుగు. పాడినవారు, రంగమ్మ. పాడినవారికి మీరేమవుతారు అన్నచోట పిల్ల ఆగి నా వైపు చూస్తే, ఫోను తీసుకుని నేనే తెలుగులో 'కూతురు' అని కొట్టాను. నాలుగు రోజుల్లో మార్చేశారు.

ఈనాడు ఓపెన్ కాని ఫైలంటూ లేదు. ఏ పాటైనా ఏ ఫోనులోనైనా వేలు తాకిస్తే పాడుతుంది, నేను ఆనాడు చెప్పిన అబద్ధాన్ని ఈనాడు పసిపిల్లలు కూడా నమ్మరు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు వేలమంది మా అమ్మ పాట విన్నారని పిల్ల సంబరపడుతోంది. ఇప్పుడు కింద పేరు కూడా ఉందిగా అంటోంది. ఉంది, నేనూ రోజుకొకసారి తెరిచి చూసుకుంటున్నాను. కాని అమ్మ పేరు వెయ్యమని అడగలేదు, నలుగురికీ వినిపించమని అడగలేదు. ఒక్కసారి తను వినాలని అడిగింది, అంతే.